వెల్లకిల పడ్డోడు గెలుస్తడా?
తాలీం మట్టి నుంచి జుజుత్సు మ్యాట్ దాకా

షోలాపూర్ పూర్వ భాగంలో పుట్టి పెరిగిన నా ఈడు మగపిల్లలకు బడులు రెండు. ఒకటి చదువుల బడి, ఇంకొకటి తాలీం. తెల్లవారక ముందే, సాంచాల చప్పుడు మొదలుకాక ముందే, మా పేట తాలీంలో జోర్లు, బైఠక్‌లు మొదలయ్యేవి. పసుపు, మజ్జిగ, నూనె కలిపి తవ్విన ఎర్రమట్టి వాసన ఈ రోజుకీ నా ముక్కులో ఉంది. తొమ్మిదో ఏట లంగోటి కట్టాను. జాతరలో కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి వంద రూపాయల కుస్తీ దాకా వచ్చాను. ఇరవై రెండో ఏట పెళ్ళయింది, నాలుగు సాంచాలు నెత్తిన పడ్డాయి, లంగోటి అటక ఎక్కింది.

ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. నిరుడు పూణేలో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి పోతే, "నాయినా, నువ్వు పైల్వాన్‌వి కదా, మా క్లాసుకు ఒక్కసారి రా" అన్నాడు. వాడు నేర్చుకుంటున్నది బ్రెజిల్ జుజుత్సు. కొత్తవాళ్ళ క్లాసు. నేర్పే పిల్లవాడు నా కొడుకు ఈడువాడే. నన్ను "కాకా" అని పిలిచి, ఒక తెల్ల అంగీ, తెల్ల బెల్టు చేతికిచ్చాడు.

అంగీ చేతిలో పడగానే నేను కుస్తీ మరచిపోయి బట్ట చూశాను. అలవాటు అలాంటిది. దట్టమైన నూలు బట్ట, బియ్యపు గింజలు పరచినట్టు ఉబ్బెత్తు నేత. మెడపట్టీ మోకులా గట్టిగా ఉంది. ఇంత బలంగా ఎందుకు నేస్తారో పావుగంటలో తెలిసింది.

నాకు జోడీగా వచ్చినవాడు కంప్యూటర్ కంపెనీ పిల్లవాడు, అరవై కిలోలు ఉంటాడేమో. నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు నెలలు. నేను వంగి దుహేరీ పట్ తీశాను. రెండు కాళ్ళూ దొరికాయి, మనిషి వెల్లకిల పడ్డాడు. మా తాలీంలో అయితే అక్కడితో అయిపోయింది, డప్పు మోగుతుంది. ఇక్కడ ఏమీ మోగలేదు. కింద పడ్డవాడు తన కాళ్ళు నా నడుము చుట్టూ వేసి, నా మెడపట్టీ రెండు వైపులా పట్టుకుని, మణికట్లు తిప్పాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. రెండోసారి జాగ్రత్తపడి, పట్టు జారగానే చిన్నప్పటి అలవాటుతో బోర్లా తిరిగి మట్టిని కరచుకున్నట్టు పడుకున్నాను. అంతకంటే తప్పు ఇంకొకటి లేదట. వాడు వీపెక్కి వెనక నుంచి గొంతు పట్టాడు. ఐదు నిమిషాల్లో మూడుసార్లు చేత్తో తట్టి ఓడిపోయానని ఒప్పుకున్నాను.

షోలాపూర్ తిరిగొచ్చాక ఈ సంగతి మా వస్తాదుకు చెప్పాను. ఎనభై దాటిన మనిషి. నవ్వాడు.

"ఏమ్రా, ఈ వయసుల మళ్ళ లంగోటి కట్టినవంట?"

"లంగోటి కాదు వస్తాద్, అంగీ తొడిగిన."

"అంగీ తొడుక్కొని కుస్తీనా? సరే. వెల్లకిల పడ్డోడు గెలుస్తడా? అదేం ఆటరా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే నూరేళ్ళ చరిత్ర కనపడింది. దాన్నే మన సంచిక కోసం రాస్తున్నాను.

చిత్ అంటే ఏమిటి?

మన కుస్తీకి రెండు తల్లివేర్లు. ఒకటి ఇక్కడి మల్లవిద్య. షోలాపూర్‌కు దూరం కాని కళ్యాణ నగరం నుంచి ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన 'మానసోల్లాసం'లో మల్లవినోదం అని ఒక భాగమే ఉంది. మల్లులకు ఏ తిండి పెట్టాలి, ఎలా సాధన చేయించాలి అన్న సంగతులు అందులో ఉన్నాయి. రెండో వేరు పర్షియా నుంచి వచ్చింది. కుస్తీ, పహిల్వాన్, వస్తాదు – ఈ మాటలన్నీ అటునుంచి వచ్చినవే. మొఘలుల కాలానికి రెండూ కలిసి ఇవాళ మనం చూసే మట్టి కుస్తీ తయారైంది. ఆ తర్వాత దాన్ని సంస్థానాలు సాకాయి. మా వైపు కొల్హాపూర్ శాహూ మహరాజ్ పైల్వాన్లను పోషించి, ఖాస్‌బాగ్ మైదానం కట్టించాడు. తెలుగునాట వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు వినని ఇల్లు ఒకప్పుడు లేదు.

ఈ కుస్తీలో గెలుపుకు కొలత ఒక్కటే: ఎదుటివాడి రెండు భుజాలూ నేలకు తగలాలి. అదే చిత్. అందుకే "భూమికి వీపు చూపించకు" అన్నది తాలీంలో మొదటి పాఠం. పడిపోక తప్పకపోతే బోర్లా పడు. బోర్లా ఉన్నంతసేపు ఓటమి లేదు. పైవాడు నిన్ను తిప్పలేక అలసిపోవాలి.

ఈ పద్ధతి ఎంత బలమైనదో 1910 సెప్టెంబర్ 10న లండన్ చూసింది. మన గామా పహిల్వాన్ ఎదుట పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జ్బిష్కో నిలబడ్డాడు. కాదు, పడుకున్నాడు. రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ కుస్తీలో ఎక్కువసేపు అతను బోర్లా మ్యాట్‌కు అతుక్కుపోయి ఉన్నాడు. గామా అంతటివాడు కూడా తిప్పలేకపోయాడు, కుస్తీ తేలలేదు. వారం తర్వాత మళ్ళీ పట్టాల్సి ఉండగా జ్బిష్కో రాలేదు, జాన్ బుల్ బెల్టు గామాకు దక్కింది. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ తలపడితే గామా నిమిషం లోపే చిత్ చేశాడు.

పూణేలో నేను బోర్లా పడుకున్నది జ్బిష్కో పడుకున్నట్టే. కుస్తీ కొలతలో అది కోట. జుజుత్సు కొలతలో అది తలుపు తీసిన ఇల్లు.

1878లో పుట్టిన ఇద్దరు

గామా పుట్టింది 1878లో. అదే ఏడాది జపాన్‌లో మిత్సుయో మాయెదా అనే పిల్లవాడు పుట్టాడు. మొదట సూమో నేర్చాడు. అంటే అతనిదీ కుస్తీ పుట్టుకే. సూమోకు తగ్గ ఒళ్ళు లేదు, అందుకని టోక్యోలోని కొడొకాన్‌లో కొత్తవాడిగా చేరాడు.

కొడొకాన్‌ను 1882లో పెట్టింది జిగోరో కానో. పాత జుజుత్సు పద్ధతుల్లో పనికొచ్చేవి ఏరి, ప్రమాదకరమైనవి పక్కన పెట్టి, జూడో అనే విద్య కూర్చాడు. ఈ కానో కుర్రతనంలో తనకంటే చాలా బరువైన తోటివాడిని పడెయ్యలేక, గ్రంథాలయానికి పోయి పాశ్చాత్య కుస్తీ పుస్తకం తిరగేసి ఒక ఎత్తు నేర్చుకున్నాడు. ఎదుటివాడి తొడ సందున చెయ్యి దూర్చి, భుజాల మీదికి ఎత్తి అవతలికి విసరడం. జూడోలో దాని పేరు కతా గురుమా. మన తాలీంలో ఎవరిని అడిగినా చెబుతారు, అది కలాజంగ్. జూడోను పుట్టించినవాడే కుస్తీ నుంచి అప్పు తెచ్చుకున్నాడన్నమాట.

మాయెదా 1904లో జపాన్ విడిచాడు. అమెరికా, ఇంగ్లండ్, స్పెయిన్, క్యూబా, మెక్సికో తిరుగుతూ కనపడ్డ మల్లుడితో, బాక్సర్‌తో పట్లు పట్టాడు. వాళ్ళ నియమాలకు ఒప్పుకుని కొన్ని, తన నియమాలకు ఒప్పించి కొన్ని. చివరకు బ్రెజిల్ ఉత్తరాన బెలేం పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడ అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళలో కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడు ఒకడు. కార్లోస్, అతని తమ్ముళ్ళు ఆ విద్యలో నేలమీది భాగాన్ని పెంచి పెద్దచేశారు. పెద్ద తమ్ముడు, చిన్న తమ్ముడు అని కాదు, బక్కపలచటివాడు లావుపాటివాడి కింద పడితే ఏం చెయ్యాలి అన్నదే వాళ్ళ ప్రశ్న. చిత్ అన్న కొలత తీసేసి, మెడనో కీలునో పట్టి ఒప్పించడమే గెలుపు అన్నారు. ఇక వీపు నేలకు తగిలినా ఆట ఆగదు. కాళ్ళు ఖాళీగా ఉంటే అవీ చేతులే.

దీని బలం ప్రపంచానికి తెలిసింది 1990ల్లో. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో రకరకాల విద్యలవాళ్ళు తలపడ్డ పోటీలో గ్రేసీల పిల్లవాడు రాయిస్ ఒకే రాత్రి ముగ్గురిని ఒప్పించి గెలిచాడు. నాకు ఇంకా ముఖ్యమైనది ఆ మరుసటి ఏడు, 1994 డిసెంబర్‌లో జరిగింది. రాయిస్ ఎదుట డాన్ సెవర్న్, అమెరికాలో పేరుమోసిన పెద్ద మల్లుడు. పదిహేను నిమిషాలకు పైగా సెవర్న్ పైన, రాయిస్ కింద వెల్లకిల. చూసేవాళ్ళు ఎవరు గెలుస్తున్నారని చెబుతారు? కింద ఉన్నవాడు రెండు కాళ్ళూ మెడచుట్టూ, ఒక చేతిచుట్టూ త్రికోణంలా బిగించాడు. సెవర్న్ ఒప్పుకున్నాడు.

వస్తాదు ప్రశ్నకు జవాబు ఇదే. వెల్లకిల పడ్డవాడు గెలుస్తాడు. పడటాన్ని ఓటమి అని లెక్కపెట్టని ఆటలో.

ఇది వినగానే మన సభల్లో ఒక మాట వస్తుంది – "ఇదంతా మన దగ్గర్నుంచే పోయింది, బోధిధర్ముడు తీసుకుపోయాడు" అని. అలాంటి గొప్పలకు రుజువులు లేవు, మనకు అవసరమూ లేదు. ఇంకో మాట, "ఇది పరాయి విద్య" అని. అదీ సరికాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ పిలిస్తే షింజో తకగాకి అనే జపాన్ జూడో గురువు 1929లో శాంతినికేతన్ వచ్చి పాఠాలు చెప్పాడు. విద్య ఎప్పుడూ ఒకరి గడప దగ్గర ఆగలేదు. కుస్తీ అన్న మాటే పర్షియా నుంచి వచ్చినప్పుడు, ఇందులో సొంతం ఎంత, పరాయి ఎంత?

గోళేశ్వర్ పైల్వాన్ రెండుసార్లు

మా మహారాష్ట్రలో ప్రతి తాలీం గోడ మీదా ఒక పటం ఉంటుంది. ఖాశాబా జాధవ్. సతారా జిల్లా గోళేశ్వర్ ఊరు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 57 కిలోల తరగతిలో కంచు పతకం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి ఒక్క మనిషి సొంతంగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అది. ఆ ప్రయాణానికి డబ్బు లేకపోతే, ఆయన చదివిన కొల్హాపూర్ కాలేజీ ప్రిన్సిపాల్ తన ఇల్లు కుదువబెట్టి ఏడు వేలు ఇచ్చాడన్న సంగతి చాలామందికి తెలుసు.

తక్కువమంది చెప్పేది 1948 సంగతి. ఆ ఏడాది లండన్‌లో జాధవ్ మొదటిసారి మ్యాట్ మీద, అంతర్జాతీయ నియమాలతో కుస్తీ పట్టాడు. అప్పటిదాకా ఆయనది మట్టి. మట్టిలో కాలు దిగుతుంది, మ్యాట్ మీద జారుతుంది. మట్టిలో నెమ్మదిగా అలయగొట్టవచ్చు, మ్యాట్ మీద గడియారం పరుగెత్తుతుంది. ఆరో స్థానంలో వచ్చాడు. తిరిగొచ్చి "మా కుస్తీయే గొప్ప" అని కూర్చోలేదు. నాలుగేళ్ళు సాధన చేసి మళ్ళీ పోయాడు.

1952లో ఆ తరగతిలో బంగారు పతకం జపాన్‌వాడైన షోహాచి ఇషీది. ఆయన మొదట నేర్చింది జూడో. యుద్ధం తర్వాత జపాన్‌లో జూడోకు అడ్డంకులు వస్తే కుస్తీకి మారాడు. అంటే ఆ వేదిక మీద ఇద్దరు నిలబడ్డారు – మట్టి నుంచి మ్యాట్‌కు మారినవాడు ఒకడు, అంగీ విప్పి కుస్తీకి వచ్చినవాడు ఇంకొకడు. ఇద్దరూ పేరున్న పైల్వాన్లు అయ్యాక మళ్ళీ కొత్తగా నేర్చుకున్నవాళ్ళే.

పాతది ఎంత పనికొచ్చింది?

నేను పూణేలో మూడు నెలలు, వారానికి రెండు రోజులు ఆ క్లాసుకు పోయాను. తాలీం పిల్లలెవరైనా ఈ దారిలో పోవాలనుకుంటే పనికొస్తుందని నా లెక్క రాస్తున్నాను.

పనికొచ్చినవి: కాళ్ళ నిలకడ, చేతి పట్టు, మెడ బలం, ఎదుటివాడి బరువు ఎటు ఒరుగుతోందో చర్మంతో తెలుసుకోవడం. నన్ను నిలబడి పడెయ్యడం అక్కడ ఎవరి వల్లా కాలేదు. పైనుంచి నడుముతో ఒత్తితే కింది పిల్లలకు ఊపిరి కష్టమయ్యేది. ధోబీపఛాడ్ ఒక్కసారి వేసి చూపిస్తే క్లాసంతా చప్పట్లు కొట్టింది.

అడ్డం వచ్చినవి మూడు. మొదటిది, పడేస్తే పని అయిపోయిందనుకోవడం. వాళ్ళ పోటీల్లో మనిషిని పడేస్తే 2 పాయింట్లే. కింది మనిషి కాళ్ళు దాటితే 3, ఛాతీ ఎక్కినా వీపు పట్టినా 4. మన లెక్కలో ఆఖరిది, వాళ్ళ లెక్కలో మొదటిది. రెండోది, బోర్లా తిరగడం. నలభై ఏళ్ళ అలవాటు పోవడానికి నెలన్నర పట్టింది. మూడోది, పట్ తీసేటప్పుడు తల బయట పెట్టి మెడ అప్పగించడం. చంకలో మెడ ఇరికించి బిగిస్తే ఎంత పైల్వాన్ అయినా ఒప్పుకోవాల్సిందే.

వీటన్నిటికంటే కష్టమైంది చేత్తో తట్టడం. "ఒప్పుకున్నాను, వదులు" అని చెప్పే గుర్తు అది. తాలీంలో మనకు నేర్పింది ప్రాణం పోయినా వదలొద్దని. ఇక్కడ మొదటి రోజు మొదటి పాఠమే తట్టడం. మెడకు రెండు పక్కలా నెత్తురు ఆగితే కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. మోచెయ్యి వెనక్కి విరుచుకుంటే నెలల తరబడి పని ఉండదు. రెండో వారంలో నేను పంతానికి పోయి తట్టలేదు. మోచెయ్యి కలుక్కుమంది. పది రోజులు సాంచా మీద తెగిన పోగు అతకలేకపోయాను. నేర్పే పిల్లవాడు పక్కన కూర్చుని అన్నాడు, "కాకా, తట్టినవాడు రేపు కూడా వస్తాడు." అప్పటినుంచి సిగ్గుపడకుండా తట్టాను.

గుంట మగ్గం దగ్గర్నుంచి

ఈ కథ నేతపని వాళ్ళ సంచికలో ఎందుకు అని మీరు అడగవచ్చు.

మా ముత్తాత కరీంనగర్ వైపు నుంచి నడిచి వచ్చాడు. నైజాం రాజ్యం నుంచి అలా వచ్చిన మన కుటుంబాలు షోలాపూర్‌లో, భివండిలో, ముంబైలో ఎన్నో. షోలాపూర్‌లో 1877లో మొదటి మిల్లు లేచింది, మన పెద్దలు జునీ మిల్లు అనేవారు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి, చేత్తో నాడె విసిరి చీర నేసిన మనిషికి మిల్లులో మొదటి రోజు ఎలా ఉండి ఉంటుంది? చెయ్యి ఆడించే పని యంత్రం లాక్కుంది. తర్వాత మా తాత మిల్లు వదిలి సాంచా పెట్టాడు. చీర పోయి చద్దరు వచ్చింది, చద్దరు వెనకాలే టవల్ వచ్చింది. ప్రతిసారీ మన వాళ్ళు పాత చేతివాటంతోనే కొత్త పనికి పోయారు. నూలు తడిమి నంబరు చెప్పే వేలు పనికొచ్చింది. చప్పుడు తేడా విని పోగు తెగిందని పట్టే చెవి కొత్తగా తెచ్చుకోవాల్సి వచ్చింది. "నేను మగ్గం మీద పండిపోయినవాడిని, నాకేం నేర్పుతావు" అన్నవాడు ఆకలితో ఉన్నాడు. "చూపించు" అన్నవాడి ఇంట్లో పొయ్యి వెలిగింది.

ఇప్పుడు మా పేట తాలీం సంగతి. మట్టి తవ్వి రెండేళ్ళయింది. వచ్చే పిల్లలు ఐదుగురు. టవళ్ళ బేళ్ళు పెట్టుకోవడానికి ఆ గది అద్దెకివ్వాలన్న మాట పెద్దల్లో నడుస్తోంది. అద్దె వస్తుంది, కాదనను. కానీ గోదాములు ఎన్నైనా దొరుకుతాయి, ఒకసారి పోయిన తాలీం మళ్ళీ రాదు. నా మనవి ఒక్కటే. మట్టి గుంట అలాగే ఉండనివ్వండి. పక్క హాలులో పాతికమందికి సరిపడే మ్యాట్‌లు వేద్దాం. పొద్దున మట్టి, సాయంత్రం మ్యాట్. ఆడపిల్లలు కూడా వస్తారు, పూణే క్లాసులో సగంమంది వాళ్ళే. నేర్పడానికి నా కొడుకు నెలకు రెండు శని, ఆదివారాలు వస్తానన్నాడు. మిగతా రోజులు నాకు వచ్చినంత నేను చూపిస్తాను.

ఈ మాట పెద్దల ముందు పెట్టే ముందు వస్తాదును అడగాలి కదా. ఇదంతా చెప్పాను – లండన్, టోక్యో, బ్రెజిల్, జాధవ్. కలాజంగ్ జూడోలో ఉందంటే ఒక్కటే తల ఊపాడు. తర్వాత "ఆ అంగీ తే" అన్నాడు. సంచీలోంచి తీసి ఇచ్చాను. మెడపట్టీ రెండు చేతుల్లో పట్టుకుని గుంజి చూశాడు. బట్టను వెలుతురుకు పట్టి, బొటనవేలితో నేత తడిమాడు. నేను మ్యాట్‌ల గురించి జవాబు వస్తుందని ఎదురుచూస్తున్నాను.

"మంచి నేత," అన్నాడు. "ఇది మన సాంచా మీద ఎందుకు రాదురా?"

కాసేపాగి అంగీ తిరిగి నా చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున ఐదింటికి రా. ముందు మట్టి తవ్వుదాం."